గ్రీస్ ఫియోర్డ్ ఎంత దూరం? పాలమూరు లెక్కతో మొదలుపెడదాం

ఫోనులో రెండు ఊర్ల పేర్లు కొట్టి దూరం అడిగితే కొన్ని సైట్లు రెండు అంకెలు చూపిస్తాయి: విమాన దూరం, ప్రయాణ సమయం. కెనడా ఉత్తరపు కొసన రెజల్యూట్ అనీ, గ్రీస్ ఫియోర్డ్ అనీ రెండు ఊర్లున్నాయి. వాటి మధ్య లెక్క అడిగితే 385 కిలోమీటర్లు, 29 నిమిషాలు అనే తీరు జవాబు వస్తుంది. మొదటి అంకె ఒప్పు. రెండోది ఉత్త మాట. 385ను 800తో భాగించి నిమిషాల్లోకి మార్చితే 29 అవుతుంది. అంటే ఏ ఊరికైనా జెట్ విమానమే పోతుందనుకుని కట్టిన లెక్క అది. గ్రీస్ ఫియోర్డ్‌లో ఉన్నది కొండల మధ్య చిన్న కంకర పట్టీ, పెద్ద జెట్ అక్కడ దిగడం కుదరదు. దిగేది ట్విన్ ఆటర్. రెండు ప్రొపెల్లర్లు, 19 సీట్ల దాకా పట్టే చిన్న విమానం. దానికి గంటన్నర కావాలి.

దూరం ఎట్లా వస్తుందో ముందు మనకు తెలిసిన నేల మీద చూద్దాం. నల్గొండ 17.05 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.27 డిగ్రీల తూర్పు రేఖాంశం. మహబూబ్‌నగర్, అదే మన పాలమూరు, 16.74, 78.00. అక్షాంశాల తేడా 0.31, రేఖాంశాల తేడా 1.27. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు ఒకటే, 111.2 కిలోమీటర్లు అని పెట్టుకుంటే చాలు. రేఖాంశం అట్లా కాదు. భూమధ్యరేఖ మీద అదీ 111 కిలోమీటర్లే గానీ, ధ్రువం వైపు పోయినకొద్దీ రేఖలు దగ్గరికి జరుగుతూ జరుగుతూ చివరికి ఒక్క చుక్కలో కలిసిపోతాయి. ఎంత దగ్గరికి జరిగాయో చెప్పేది ఆ అక్షాంశపు కొసైన్. మన దగ్గర అది 0.957. కాబట్టి మన రేఖాంశపు డిగ్రీ 106.4 కిలోమీటర్లు.

ఇగ తూర్పు పడమరల దూరం 1.27ను 106.4తో గుణిస్తే 135. ఉత్తర దక్షిణాల దూరం 0.31ను 111.2తో గుణిస్తే 34.5. ఇవి రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు, మనకు కావాల్సింది కర్ణం. 139 పైచిలుకు వస్తుంది, 140 అనుకోండి. రోడ్డున మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోతే 170కి అటూఇటూ. గాలి దూరానికి రోడ్డు దూరం 1.2 రెట్లు, పెద్ద అడ్డంకి లేని నేల మీద ఇది మంచి నిష్పత్తే.

అడ్డంకి ఉంటే ఈ నిష్పత్తికి అర్థమే ఉండదు. కొల్లాపూర్ దగ్గర సోమశిల గట్టున నిలబడితే కృష్ణ అవతల సిద్ధేశ్వరం కొండలు కళ్ల ముందే ఉంటాయి. పడవలో పోతే కాసేపటి పని. అదే బండి మీద పోవాలంటే పెబ్బేరు, కర్నూలు చుట్టి రావాలి. అక్కడ వంతెన అడిగేది అందుకే. ఉత్తర కెనడాలో ఈ గొడవ ఇంకో మెట్టు పైన ఉంటుంది. చుట్టు తిరిగే రోడ్డు కూడా లేదు. రెజల్యూట్ కార్న్‌వాలిస్ దీవిలో, గ్రీస్ ఫియోర్డ్ ఎల్స్‌మియర్ దీవి దక్షిణ తీరాన. మధ్యలో వెల్లింగ్టన్ జలమార్గం, మనిషి కాపురం లేని డెవన్ దీవి, జోన్స్ జలసంధి. సరుకుల ఓడ వేసవి చివర్లో మంచు విడిచినప్పుడు వస్తుంది. మిగతా ఏడాదంతా ఆకాశమే దారి.

లెక్కలో జరిగే పెద్ద తప్పు మన దగ్గర ఎందుకు బయటపడదో ఇక్కడ చెప్పాలి. కొసైన్ సంగతి తెలియక, నల్గొండ పాలమూరు రేఖాంశాల తేడాను కూడా 111తోనే గుణించారనుకోండి. జవాబు 145 వస్తుంది. 140కి బదులు 145, ఎవరూ పట్టించుకోరు. అందుకే డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు అన్న మాట బడి నుంచి పోటీ పరీక్షల దాకా చెక్కుచెదరకుండా వస్తూ ఉంటుంది. అదే తప్పును అక్కడికి తీసుకుపోండి. రెజల్యూట్ విమానాశ్రయం 74.717 ఉత్తరం, 94.969 పడమర. గ్రీస్ ఫియోర్డ్ 76.426 ఉత్తరం, 82.909 పడమర. తేడాలు 1.709, 12.060. రెంటినీ 111.2తో గుణించి కర్ణం కడితే 1,354 కిలోమీటర్లు. అసలు దూరానికి మూడున్నర రెట్లు!

సరిగ్గా కట్టాలంటే రెండు అక్షాంశాల సగటు తీసుకోవాలి: 75.57. దాని కొసైన్ 0.249. అక్కడ రేఖాంశపు డిగ్రీ 27.7 కిలోమీటర్లే. 12.06ను 27.7తో గుణిస్తే 334, 1.709ను 111.2తో గుణిస్తే 190, కర్ణం 384. చిన్న కాగితం మీద తేలే లెక్క ఇది, తప్పు కిలోమీటరుకు అటూఇటూ.

కొద్ది దూరాలకే ఇది పనికొస్తుంది. ఆ ఉత్తర ప్రాంతపు రాజధాని ఇకాలుయిట్ నుంచి రెజల్యూట్‌కు ఇదే తీరున కడితే 1,603 కిలోమీటర్లు వస్తుంది, గోళం మీద అసలు దూరం 1,575. తేడా 28 కిలోమీటర్లు. భూమిని బల్లపరుపుగా అనుకున్నందుకు కట్టిన జరిమానా అది. నాలుగైదు వందల కిలోమీటర్లు దాటితే గోళం మీద దూరం కట్టే హావర్‌సైన్ సూత్రం వాడాలి. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ తీసి వర్గం చేయండి. రేఖాంశాల తేడాలో సగానికీ అట్లనే చేసి, దాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించండి. రెండూ కలిపి వర్గమూలం తీసి, దానికి ఆర్క్‌సైన్ (సైన్ విలువ నుంచి కోణాన్ని, రేడియన్లలో, వెనక్కి తెచ్చేది) కట్టి రెట్టింపు చేసి, భూమి వ్యాసార్థం 6,371తో గుణించండి. మన రెండు ఊర్లకు 383.4 వస్తుంది. సైట్లు 385 ఎందుకు చూపిస్తాయంటే భూమి సరైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా చదునుగా ఉంటుంది. ఆ చదును వల్ల అక్కడ నేల వంపు తగ్గి, డిగ్రీ కొంచెం పొడుగవుతుంది. విమానాల లెక్కకు నాటికల్ మైలు సులువు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. 385 కిలోమీటర్లు 208 నాటికల్ మైళ్లు.

ఎక్సెల్‌లో వేసేవాళ్లు పడే గుంత ఒకటుంది. దానికి కోణం డిగ్రీల్లో ఇస్తే ఒప్పుకోదు, ఒప్పుకోనని చెప్పదు కూడా. 75.57ను రేడియన్లనుకుని (కోణానికి ఇంకో కొలత, ఒక రేడియన్ దాదాపు 57.3 డిగ్రీలు) కొసైన్ 0.985 అని ఇస్తుంది. రావాల్సింది 0.249. పైగా 0.985 చూడటానికి బుద్ధిగా ఉండే అంకె, అనుమానం రాదు. ముందు డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మరిచిపోవద్దు. ఇంకోటి, 74 డిగ్రీల 43 నిమిషాలను 74.43 అని రాయడం. 43ను 60తో భాగించాలి, 74.717 అవుతుంది. ఈ ఒక్క పొరపాటు ఊరిని 32 కిలోమీటర్లు దక్షిణానికి జరుపుతుంది. పడమర రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టకపోతే రెజల్యూట్ కాస్తా సైబీరియా ఉత్తర కొసన తైమిర్ ద్వీపకల్పంలో తేలుతుంది. మన తెలంగాణ అంతా ఉత్తరం, తూర్పే కాబట్టి మనకు మైనస్ అలవాటు లేదు.

మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచే వాళ్లకు వేరే తిప్పలు. ఫోన్లలో కనిపించే మ్యాపు చాలావరకు మెర్కేటర్ పద్ధతిది, అది ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. ఎంత సాగదీస్తుందంటే, ఒకటిని కొసైన్‌తో భాగించినంత. నల్గొండ దగ్గర 1.046 రెట్లు. 75.5 డిగ్రీల దగ్గర 4 రెట్లు. తెలంగాణ మీద చూసిన స్కేలునే పైకి తీసుకుపోయి కొలిస్తే 385 కిలోమీటర్లు దాదాపు 1,480 అయిపోతాయి.

ఆ ఊర్లలో ఉండేది ఎందరని అడుగుతారేమో. 2021 జనాభా లెక్కల్లో రెజల్యూట్ 183 మంది, గ్రీస్ ఫియోర్డ్ 144 మంది. మన చందంపేట వైపు తండాలు కొన్ని ఇంతకంటే పెద్దవి. అక్కడి ఆదివాసులైన ఇన్యుయిట్‌ల భాషలో రెజల్యూట్ పేరు కౌసుయిట్టుక్, తెల్లవారని చోటు. గ్రీస్ ఫియోర్డ్ పేరు ఔయుయిట్టుక్, ఎన్నటికీ కరగని చోటు. 1953లో కెనడా ప్రభుత్వం సుమారు రెండు వేల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఇనుక్‌జువాక్ నుంచి ఇన్యుయిట్ కుటుంబాలను ఓడలో తెచ్చి ఈ చోట్ల దింపింది. 2010లో క్షమాపణ చెప్పింది. శ్రీశైలం ముంపులో ఊర్లు పోయిన వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

దూరం తేలాక దిక్కు. నల్గొండ నుంచి పాలమూరుకు సూటిగా ఎగిరితే మొదట పట్టిన దిక్కుకూ చివర్లో ఉండే దిక్కుకూ తేడా అర డిగ్రీ కూడా ఉండదు. రెజల్యూట్ నుంచి గ్రీస్ ఫియోర్డ్‌కు బయలుదేరేటప్పుడు అసలు ఉత్తరం (దిక్సూచి చూపేది కాదు, ధ్రువం ఉన్న దిక్కు) నుంచి తూర్పుకు 55 డిగ్రీలు, చేరేటప్పుడు 66 డిగ్రీలు. విమానం ఎక్కడా మలుపు తిరగలేదు, సూటిగానే పోయింది. ఉత్తరమే మారింది, ఎందుకంటే దాటిన 12 రేఖాంశాల్లో ఒక్కొక్కటీ ధ్రువం వైపు వేరే వాలుతో ఉంది. మొదట పట్టిన 55నే చివరిదాకా పట్టుకుంటే దారి తప్పుతారు.

పైగా దిక్సూచి అక్కడ అక్కరకు రాదు. భూమి అయస్కాంత బలం ఆ ప్రాంతంలో దాదాపు నిట్టనిలువుగా కిందికి లాగుతుంది, సూదిని అడ్డంగా తిప్పే బలం చాలా తక్కువ. అందుకని ఉత్తర కెనడాలో రన్‌వేల అంకెలు, గాలి దిక్కులు అసలు ఉత్తరం లెక్కనే చెబుతారు. పైలట్లు జీపీఎస్‌నూ, గిర్రున తిరిగే చక్రంతో దిక్కు పట్టి ఉంచే గైరోనూ నమ్ముకుంటారు. గైరోకూ ఓ తెగులుంది. భూమి తన చుట్టూ తాను గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, దాన్ని అక్షాంశపు సైన్‌తో గుణించినంత గైరో గంటగంటకూ పక్కకు జరుగుతుంది. నల్గొండ దగ్గర 4.4 డిగ్రీలు. రెజల్యూట్ దగ్గర 14.5. సరిచేయకుండా గంటన్నర ఎగిరితే 20 డిగ్రీలు దాటి తప్పు చూపిస్తుంది. 2011 ఆగస్టు 20న రెజల్యూట్‌లో దిగబోయిన బోయింగ్ 737 రన్‌వేకు తూర్పున కొండను గుద్దుకుంది. 15 మందిలో 12 మంది పోయారు. దర్యాప్తులో తేలిన కారణాల్లో ఒకటి, దిక్కు చూపే వ్యవస్థ చివర్లో 17 డిగ్రీల తేడాతో చూపడం.

ఇగ సమయం. ట్విన్ ఆటర్ వేగం 150 నాట్లు అనుకుందాం, అంటే గంటకు 150 నాటికల్ మైళ్లు, 278 కిలోమీటర్లు. 208ను 150తో భాగిస్తే 83 నిమిషాలు. పైకెక్కేటప్పుడు వేగం తక్కువ, దానికి ఐదు నిమిషాలు. కొండల మధ్య చుట్టి దిగడానికి ఐదు. టైర్లు కదిలినప్పటి నుంచి ఆగేదాకా చూస్తే గంటా 35 నిమిషాలు. ఇది గాలి లేని రోజు లెక్క, అలాంటి రోజు తక్కువ.

గాలి లెక్క కృష్ణా నదిలో పుట్టీలు (గుండ్రటి పడవలు) నడిపేవాళ్లకు బాగా తెలుసు. ఎదురు పోయేటప్పుడు పోయిన సమయం వాలులో తిరిగి రాదు. 30 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 120, 208 మైళ్లకు 104 నిమిషాలు. తిరుగు దారిలో వాలుగాలి, వేగం 180, 69 నిమిషాలు. రెండూ కలిపితే 173. గాలి లేకుండా రానూపోనూ 166. ఏడు నిమిషాల నష్టం, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, వాలుగాలిలో తక్కువ సేపు. పక్కగాలి కూడా ఊరికే వదలదు. సరిగ్గా పక్క నుంచి 30 నాట్లు వీస్తే ముక్కును గాలివైపు కొంత తిప్పి ఎగరాలి, నేల వేగం 147కు పడుతుంది, రెండు నిమిషాలు పోతాయి.

అసలు చిక్కు ఇంధనం దగ్గర మొదలవుతుంది, సైట్లలో దీని ఊసే ఉండదు. గ్రీస్ ఫియోర్డ్ మీద పొగమంచు కమ్మితే దిగడానికి పక్కన ఇంకో ఊరు లేదు. వెనక్కి రెజల్యూట్‌కే రావాలి. కాబట్టి పోయేటప్పుడే రానూపోనూ సరిపడా పోసుకోవాలి, పైన 45 నిమిషాలకు మిగులు ఉండాలి. 173కు 45 కలిపితే 218 నిమిషాలు. గంటకు 270 కిలోల ఖర్చు పట్టుకుంటే 980 కిలోలు. మామూలు ట్యాంకుల్లో పట్టేదే సుమారు 1,170. విమానం ఎగరడానికి అనుమతి ఉన్న మొత్తం బరువు 5,670 కిలోలు. లెక్క కోసం ఖాళీ బరువు 3,500, పైలట్లిద్దరికీ సామానుకూ కలిపి 200 అనుకోండి. ఇంధనం పోగా మిగిలేది 990 కిలోలు. చలిబట్టలు, బూట్లు, సంచులతో మనిషికి 100 కిలోల చొప్పున తొమ్మిది మంది, పది మంది. ఉత్తరాలు, పాలు, కూరగాయలు, మందులు కూడా అందులోనే. 19 సీట్ల విమానంలో సగం సీట్లు ఎందుకు తీసేస్తారో ఈ తీసివేత చూస్తే తెలుస్తుంది. ఎదురుగాలి ఇంకో 20 నాట్లు పెరిగితే రాలిపోయేది మనిషో, మూటనో.

చలి మీద ఒక మాట. ఎత్తు చూపే ఆల్టీమీటర్ గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. గాలి బాగా చల్లబడితే దగ్గరికి ముడుచుకుంటుంది, అప్పుడు మీటరు ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. ప్రామాణిక ఉష్ణోగ్రతకు ప్రతి 10 డిగ్రీలు తగ్గితే దాదాపు 4 శాతం అని పైలట్లు గుర్తు పెట్టుకుంటారు. సముద్రమట్టం దగ్గర ప్రామాణికం 15 డిగ్రీలు. మైనస్ 40లో తేడా 55, అంటే 22 శాతం. మీటరు రన్‌వే పైన వెయ్యి అడుగులు చూపిస్తుంటే నిజంగా ఉన్నది 780 చిల్లర. కొండల మధ్య దిగే చోట ఇది చిన్న తేడా కాదు. అందుకే చలికాలంలో కనీస ఎత్తులను పెంచుకుని ఎగురుతారు. పెంచిన ఎత్తులో మబ్బు అడ్డం వస్తే వెనక్కి తిరగడమే.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సూటిగా విమానం ఉంటుందనుకోవడం కూడా పట్నం అలవాటు. ఉత్తరాన తిరిగేవి ఎక్స్‌ప్రెస్‌లు కావు, పల్లెవెలుగులు. దారిలో ఊరు ఉంటే దిగుతాయి, సామాను దింపి ఎక్కించి మళ్లీ లేస్తాయి. ఒక్కో ఆగుడుకు అరగంట, ముప్పావు గంట. పైగా దిగడం, మళ్లీ పైకెక్కడంలో కరిగే పది నిమిషాలు. రెండు చోట్ల ఆగితే మ్యాపు మీది గంటన్నరకు ఇంకో గంటన్నర తోడవుతుంది.

మన్ననూరు చెక్‌పోస్టు తెలిసిన వాళ్లకు ఇంకో సంగతి చెప్పొచ్చు. శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గేటు మూస్తారు. 8:50కి చేరిన బండికీ 9:10కి చేరిన బండికీ ఇరవై నిమిషాలే తేడా, కానీ ప్రయాణ సమయంలో తేడా తొమ్మిది గంటలు. ఉత్తరాన వాతావరణం ఇట్లాంటి గేటే, మూసేందుకు వేళ ఉండదు, తెరిచేందుకూ ఉండదు. గ్రీస్ ఫియోర్డ్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా సూర్యుడు పొద్దుపొడుపే ఎరుగడు. మంచు తుపాను పడితే గంటలు కాదు, రోజులు ఆగాలి. అటు పోయేవాళ్లు తిరుగు ప్రయాణంలో పెద్ద విమానం టికెట్‌ను అదే రోజుకు పెట్టుకోవద్దు. కనీసం రెండు రోజుల సందు ఉండాలి, చలికాలమైతే ఇంకా ఎక్కువ.

గడియారం సంగతి మిగిలింది. రెజల్యూట్ మధ్య కెనడా సమయంలో నడుస్తుంది, గ్రీస్ ఫియోర్డ్ తూర్పు సమయంలో, గంట ముందు. ఉదయం 10కి రెజల్యూట్‌లో కదిలిన విమానం గంటా 35 నిమిషాలకు చేరితే అక్కడి గోడ గడియారంలో 12:35. నలభై నిమిషాలు ఆగి 1:15కి లేస్తే, రెజల్యూట్‌లో దిగేసరికి ఆ ఊరి గడియారం 1:50 చూపిస్తుంది. వేళల పట్టీ మాత్రమే చూసేవాళ్లకు పోవడానికి 2 గంటల 35 నిమిషాలు, రావడానికి 35 నిమిషాలు పట్టినట్టు కనిపిస్తుంది. వచ్చేటప్పుడు వాలుగాలి గట్టిగా తోసిందనుకునే వాళ్లూ ఉంటారు. ఆ రోజు గాలి ఆకు కూడా కదిలించి ఉండకపోవచ్చు, కదిలించడానికి అక్కడ చెట్టంటూ లేదు కూడా.